మంచినీళ్ల క్యాను

మా వీధిలో నాకొక పేరుంది. మొగుడికి నీళ్లివ్వని ఆడది అని. నా ముందర ఎవరూ అనరు, నేను మలుపు తిరిగాక అనుకుంటారు. అనుకోనీ. ఆ పేరు ఊరికే రాలేదు, ఇల్లిల్లూ తిరిగి నేనే తెచ్చుకున్నాను.

మాది కమలాపురం. మా మామ మగ్గం నేశాడు. మా ఆయన నేయలేదు. చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర నూలుచీరలు తీసుకుని, మూటలు గట్టి, రైల్లో మద్రాసు తీసుకుపోయి అక్కడి అంగళ్లకు వేసి వచ్చేవాడు. తలనొప్పి అని ఎప్పుడూ ఏదో ఒక మాత్ర మింగుతూ తిరిగేవాడు. అది రక్తపోటు అని మాకెవరికీ తెలియలేదు, తెలుసుకుందామని ఆయనా అనుకోలేదు. ఒకసారి మద్రాసు నుంచి కాళ్లు వాచి దిగాడు. కడప ఆసుపత్రిలో చూసి కిడ్నీలు రెండూ పోయాయన్నారు. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్.

ఆ జబ్బు గురించి తెలియనివాళ్లకు ఒకటి చెప్పాలి. ఒంట్లోకి పోయిన నీళ్లు మళ్లీ బయటికి రావు. మిషను లాగేదాకా లోపలే ఉంటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరతాయి, గుండె మీద పడతాయి. అందుకని రోజుకు ఒక చిన్న చెంబుడే. మాత్రలు మింగే నీళ్లు, టీ, మజ్జిగ, అన్నీ అందులోనే. ఉప్పు దాదాపు మానేయాలి. ఈయన్ను చంపితే నీళ్లే చంపుతాయి, జాగ్రత్త అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మా ఎండలు తెలిసినవాళ్లెవరైనా ఆ మాట ఒకసారి ఆలోచించి చూడండి. మార్చి దాటితే కుక్కలు కూడా కాలువలో పడుకునే ఊరు ఇది.

ఆయన అరుగు మీద కూర్చుని, ఎదురింట్లో అలికిడి వినిపిస్తే రవ్వన్ని నీళ్లియ్యమ్మా అని అడిగేవాడు. వాళ్లు ఇచ్చేవాళ్లు. మా దిక్కు నీళ్లడిగితే లేవని చెప్పే అలవాటు లేదు. కొట్లాడి మాటలు మానేసుకున్నవాళ్లు కూడా నీళ్లడిగితే ఇస్తారు, ఇచ్చి తలుపేసుకుంటారు. ఈ ఇంట్లో ఒక గ్లాసు, ఆ ఇంట్లో ఒక గ్లాసు తాగి, రాత్రికి కూర్చుని ఊపిరి ఎగబీల్చేవాడు. ఒకటి రెండుసార్లు చూశాను. తర్వాత కొంగు బిగించి వీధంతా తిరిగాను. మీకు దండం పెడతా, ఆయన అడిగితే లేవని చెప్పండి అన్నాను.

ఎదురింటి పెద్దామెకు కోపం వచ్చింది. "దప్పికంటే లేవనమంటాండావా? ఆ మాట మా నోట రాదు తల్లీ" అంది.

"రాకపోతే మీ చేత్తో సంపినట్లే. ఆలోచన జేస్కో" అన్నాను.

ఆ తర్వాత ఇవ్వడం మానేశారు. లేవనడానికి నోరు రాక, ఆయన అరుగు మీదికి వస్తే తలుపులు దగ్గరికేసుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఆయనే అరుగు మీదికి రావడం మానేశాడు. నేను చేసింది తప్పని నాకప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. కానీ ఆ మూసిన తలుపుల ముందర తల దించుకుని నడిచేదాన్ని, అదీ నిజమే.

అంతకన్నా పెద్ద భయం వేరే ఉండేది. ఆయనకు ఆసుపత్రికి పోవడం మీదే విరక్తి పుట్టింది. ఆటో వచ్చి హారను కొడుతూ ఉంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. బతిమాలి, తిట్టి, ఏడ్చి లేపేదాన్ని. ఒక్కసారి ఎగ్గొడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తెలిసీ కదిలేవాడు కాదు. ఈ మనిషిని మంచం మీది నుంచి లేపేది ఏదో ఒకటి దొరికితే చాలు దేవుడా అని మొక్కుకున్నాను. దొరికింది చూస్తే ఒళ్లు మండింది.

మద్రాసులో ఆయన చీరలు వేసే ఒక అంగడిలో సముద్రపు నీళ్ల గాజుతొట్టి ఉండేదట. లోపల బతికిన పగడాలు, చేపలు. లెక్క తేలేదాకా గంటలు గంటలు దాని ముందరే కూర్చునేవాడట. అట్లాంటిది ఇంట్లో పెడదాం అన్నాడు. నేను అనాల్సినవన్నీ అన్నాను. తాగే నీళ్లకే దిక్కు లేని ఊర్లో సముద్రం తెచ్చిపెట్టుకుంటావా అన్నాను. ఉప్పు తినకూడదు, నీళ్లు తాగకూడదు అని డాక్టరంటే ఉప్పునీళ్లు ఇంటికి తెస్తావా, నీకేమన్నా తలకాయ తిరిగిందా అన్నాను. ఆయన వినలేదు. ఫోనులో వీడియోలు చూస్తూ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ లేచి కూర్చోవడం చూసి నేను నోరు మూసుకున్నాను.

డబ్బుల్లేవు కాబట్టి ఉన్నవాటితోనే చేశాడు. వ్యాపారం మూతబడ్డాక చీరల బీరువా అద్దాలు ఊరికే ఉన్నాయి. వాటిని అద్దాలవాడి దగ్గర కోయించి, జిగురుతో అతికించి తొట్టి చేయించాడు. ముందరి గదిలో మా మామ కూర్చుని నేసిన, ఇప్పుడు పూడ్చేసిన మగ్గం గుంట మీద ఇటుకలు పేర్చి, దాని మీద నల్లబండ వేసి తొట్టి పెట్టాం. నీళ్లు తిప్పే మోటారు మద్రాసులో ఎవరో వాడి వదిలేసింది. లైట్లు పెళ్లి పందిళ్లకు కట్టే రకం, తెల్లవి రెండు, నీలివి రెండు. సముద్రం మాత్రం చీనీకాయల లారీలో వచ్చింది. మద్రాసులో ఆ బత్తాయిలు దించి ఖాళీగా తిరిగొచ్చే డ్రైవరు ఒకాయన, మా ఆయనకు పాత పరిచయం, సముద్రంలోకి దిగి క్యాన్లు నింపుకొచ్చేవాడు. ఆ నీళ్లను నేను చీర ముక్కలో వడగట్టి, నీలం డ్రమ్ములో పోసి మూత పెట్టేదాన్ని.

మొదటి నెల, ఆ పైన ఇంకొన్నాళ్లు, తొట్టిలో రాళ్లు, ఇసుక, నీళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లు పండాలి, తొందరపడితే అన్నీ చస్తాయి అనేవాడు. ఇరుగుపొరుగు వచ్చి ఖాళీ నీళ్లు చూసి పోయేవాళ్లు. తర్వాత ఒక రాయికి అంటుకుని నాలుగు పచ్చని పూల్లాంటి పగడాలు మద్రాసు నుంచి వచ్చాయి. మన సముద్రంలోవి పీకడం నేరమని, ఇవి తొట్లలోనే పెంచినవని చెప్పాడు. ఇంకొకటి తెల్లగా, చిన్నపిల్లల చేతివేళ్లలాగా, గుప్పిట మూసి తెరుస్తూ ఉండేది. దానికి కండ్లూ ముక్కూ ఏమీ లేవు, అయినా రోజంతా అదే పని. వాటితోపాటు రెండు చిన్న చేపలు. ఆడవాళ్లు తాళిలోని పగడాలు పట్టుకుని చూపించి, ఇదీ అదీ ఒకటేనా అని అడిగేవాళ్లు. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. ఆటో హారను కొట్టేలోగా చొక్కా వేసుకుని, తొట్టి ముందర నిలబడి, నేను వచ్చేదాకా లైటు ఆర్పద్దు అని నాకు అప్పజెప్పి పోయేవాడు. డయాలసిస్‌లో పక్క మంచాలవాళ్లకు ఫోనులో దాని బొమ్మలు చూపించేవాడట. నాకింకేం కావాలి.

తొట్టి పనిలో బరువంతా నాది. డయాలసిస్ సూదులు గుచ్చే చేత్తో బరువు ఎత్తకూడదు కాబట్టి ఆదివారం ఆదివారం పాతనీళ్లు తోడి, డ్రమ్ములోంచి కొత్త సముద్రపు నీళ్లు పోసేది నేనే. రోజువారీ పని ఆయనది. ఆ పని ఏమిటో చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది.

తొట్టిలో నీళ్లు రోజూ ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేర ఉప్పు లేని మంచినీళ్లే పోయాలి. మళ్లీ సముద్రపు నీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరి, లోపల ఉన్నవన్నీ మాడిపోతాయి. ఆ మంచినీళ్లు కూడా మా బోరు నీళ్లు పనికిరావు. అవి బిందెకు కూడా తెల్లగా పేరుకుంటాయి. మూతబడిన నీళ్ల ప్లాంటులోంచి ఒక పాత ఫిల్టరు తెచ్చి గోడకు బిగించాడు. అది బొట్టుబొట్టుగా ఒక క్యాన్లోకి పడేది. ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన నీళ్లు ఆ క్యానులోవే. మనుషులకు లేని నీళ్లు పురుగులకు అని నేను సాధించేదాన్ని. అవి తాగే నీళ్లు కాదు మే, అందులో ఏ సత్తువా ఉండదు, నోట్లో పోసుకుంటే చప్పగా ఉంటాయి అనేవాడు. నన్ను ఆయన పిలిచేది మే అనే. ఇంట్లో బిందెలు, కుండ, పెరటి కొళాయి, అన్నిటి మీదా నా కన్ను ఉండేది. ఆ క్యాను మీద లేదు.

రెండో ఎండాకాలం వచ్చింది. వేడికి పగడాలు తట్టుకోలేవు. చల్లబరిచే మిషను కొనే తాహతు మనకెక్కడిది. పాత కంప్యూటర్ల ఫ్యాన్లు నాలుగు తెచ్చి నీళ్ల మీదికి గాలి కొట్టేటట్టు పెట్టాడు. గాలికి నీళ్లు చల్లబడ్డాయి, కానీ రెండింతలు ఆవిరయ్యాయి. మే నెలలో క్యాను పొద్దున నింపితే సాయంత్రానికి అడుగుకు వచ్చేది. "ఈ ఎండకు తొట్టి శానా తాగతాండాది మే" అనేవాడు. నిజమే అనుకున్నాను. నేనే మళ్లీ ఫిల్టరు తిప్పి నింపిపెట్టేదాన్ని.

అదే నెలలో ఆసుపత్రిలో బరువు పెరగడం మొదలైంది. డయాలసిస్‌కు ముందు బరువు చూస్తారు, పెరిగిందంతా నీళ్లే. అక్కడి సిస్టరు నన్ను నిలబెట్టి అడిగింది. ఇంట్లో ఎవరు పోస్తున్నారమ్మా, ఇంత నీరు ఒక్కసారి లాగితే గుండె ఆగిపోతుంది అంది. కొలిచి ఇస్తున్నానని చెప్పాను. నమ్మలేదు. నన్ను నమ్మకపోవడం నాకు కారం రాసినట్టయింది. ఇంటికి రాగానే ఎదురింటి పెద్దామె మీదికి పోయాను. నువ్వే ఇస్తున్నావు, దొంగచాటుగా ఇస్తున్నావు అని వీధి వినేటట్టు అరిచాను. ఆమె దేవుడి మీద ప్రమాణం చేసింది. నేను వినలేదు. మా ఆయన లోపల తొట్టి దగ్గర కూర్చుని ఈ అరుపులన్నీ విన్నాడు. బయటికి రాలేదు.

ఆ ఆదివారం నీళ్లు మార్చడానికి కూర్చుంటే పచ్చని పూలు ఒక్కటీ తెరుచుకుని లేవు. గుప్పిట మూసి తెరిచేది మూసుకునే ఉంది, అంచులు కరిగి జిగురుగా వేలాడుతోంది. చేపలు బాగానే ఉన్నాయి. ఎండదెబ్బ అనుకున్నాను. ఎందుకైనా మంచిదని, రోజూ ఆయన ఉప్పు చూసే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు ముంచాను. అందులో ఒక ముల్లు ఉంటుంది, ఉప్పు ఎంత ఎక్కువైతే అంత పైకి లేస్తుంది. ముల్లు ఆగాల్సిన పచ్చగీత దాటి పైకంతా పోయి నిలబడింది. డబ్బా తట్టి మళ్లీ ముంచాను. మళ్లీ అంతే.

తొట్టిలో నీళ్లేమో ఎప్పటి గీతకే ఉన్నాయి. తగ్గలేదు. రోజూ మంచినీళ్లే పోస్తే ఉప్పు ఎందుకు పెరుగుతుంది? డ్రమ్ము మూత తీసి చూశాను. సముద్రపు నీళ్లు ఉండాల్సిన దానికన్నా ఎంతో కిందికి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. తొట్టికి డ్రమ్ములోంచి పోస్తున్నాడు, గీత తగ్గకుండా, నాకు కనిపించకుండా. మరి క్యాను మాత్రం రోజూ ఖాళీ అవుతోంది.

డ్రమ్ము పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతిలో డబ్బా చూశాడు, తెరిచిన డ్రమ్ము చూశాడు.

"మంచినీళ్లు యాడికి పోయినాయి?" అన్నాను.

ఆయన చూపు గోడకున్న ఫిల్టరు మీదికి పోయింది.

"నిన్నే అడుగుతాండా. యాడికి పోయినాయి?"

"నేనే తాగినా" అన్నాడు. "వీధిలో అందురూ తలుపులేసుకున్యారు. ఆ క్యాను ఒగటే ఏమీ అనల్యా" అన్నాడు.

నాకు ఏమొచ్చిందో నాకే తెలియదు. చేతిలో డబ్బా గోడకేసి కొట్టాను. ఇంటింటికీ పోయి నేను చెడ్డదాన్ని అయ్యింది ఎవరికోసం, ఆ ముసలామెను నడివీధిలో దొంగను చేసింది ఎవరికోసం అని గుండెలు బాదుకున్నాను. చావాలని ఉంటే నా మొహాన చెప్పి చావు, ఈ దొంగతనం ఎందుకని అడిగాను. అనరాని మాటలు కూడా అన్నాను. ఆయన గుమ్మం పట్టుకుని అన్నీ విన్నాడు.

"సావాలని తాగల్యా మే" అన్నాడు చివరికి. "దప్పికయి తాగినా."

ఆ మాట విన్నా నేను తగ్గలేదు. ఆ రోజే క్యాను వంటింట్లోకి మార్చి తాళం వేశాను. ఫిల్టరు కొళాయికి తీగ చుట్టాను. తొట్టికి నీళ్లు పోసే పని నేనే తీసుకున్నాను. ఎదురింటికి పోయి పెద్దామె చేతులు పట్టుకున్నాను. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది.

ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే మిగిలినవీ చస్తాయని ఆయన చెప్పాడు. చెప్పిన ప్రకారమే, రోజూ కొంచెం ఉప్పునీళ్లు తోడి, తోడినంత మంచినీళ్లు పోస్తూ వచ్చాను. ముందరి గదిలో నేను మగ్గుతో నీళ్లు పోస్తుంటే మంచం మీది నుంచి ఆ ధార వైపే చూసేవాడు. మింగడానికి ఏమీ లేకపోయినా గొంతు కదిలేది. నేను చూడనట్టు పోసేదాన్ని. తెల్లదాన్ని బతికించలేకపోయాం, చేత్తో తీస్తే కుళ్లిన వాసన వచ్చింది. పచ్చనివి కొన్ని తెరుచుకున్నాయి. దానికి ఆయన ముఖం వెలిగింది, నాకు చెప్పలేదు గానీ ఫోను తీసి బొమ్మ పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మాట తప్పలేదు. ఇచ్చిన చెంబుడు పొద్దుటి నుంచి రాత్రిదాకా గుక్కగుక్కగా దాచుకుని తాగేవాడు. ఆసుపత్రిలో బరువు సరిగ్గా ఉందని సిస్టరు మెచ్చుకుంది. గెలిచాం అనుకున్నాను. కానీ ఆ మే నెలలో గుండె తిన్న దెబ్బ తినేసింది. వానలు మొదలయ్యేసరికి మిషను ఎక్కిస్తే రక్తపోటు పడిపోయేది. సగంలో ఆపేసేవాళ్లు. ఒక మధ్యాహ్నం అన్నం ముందర కూర్చుని ఊపిరాడక తూలిపోతే అంబులెన్సులో కడపకు తీసుకుపోయాను. వారం పైన ఉంచుకున్నారు. మిషను ఎక్కించాలని చూసిన ప్రతిసారీ ఆయన కండ్లు తేలేశాడు.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. ఆయన మంచివాడే, మాట నమలలేదు. ఇంక మిషను తట్టుకోలేడమ్మా, ఇంటికి తీసుకుపొండి, ఆయన ఏమడిగితే అది పెట్టండి అన్నాడు.

"ఏమడిగినానా సార్?"

"ఏమడిగినా."

"నీళ్లు?"

డాక్టరు నా వైపు చూసి, "నీళ్లు కూడా" అన్నాడు.

ఇంటికి తెచ్చి ముందరి గదిలోనే పడుకోబెట్టాను. దిండ్లు ఎత్తుగా పెడితే తప్ప ఊపిరి అందడం లేదు. వంటింట్లోకి పోయి తాళం తీశాను. క్యానులోంచి కాదు, మట్టికుండలోంచి పెద్ద చెంబు నిండా ముంచాను. తీసుకొస్తుంటే చేతి మీద ఒలికాయి. ఆయన దగ్గర కూర్చుని, తాగు అన్నాను.

చెంబు వైపు చూశాడు. నా వైపు చూశాడు. చేయి చాచలేదు.

"డాక్టరు తాగమన్యాడా?" అన్నాడు.

"ఊఁ."

"ఎంత?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. ఎన్నో ఏళ్లు బేరాలాడిన మనిషి, ఎదుటివాడి ముఖం చూసి మాటలో ఎంత నిజముందో పట్టేస్తాడు.

"ఎంతైనా" అన్నాను.

ఆయన కండ్లు మూసుకున్నాడు. బయట ఎవరో బండి ఆపి గేటు తీస్తున్న చప్పుడు. కండ్లు తెరిచి, "సరే అయితే" అన్నాడు. చెంబు నేనే పట్టుకున్నాను. ఎప్పుడూ ఎత్తిపోసుకుని తాగే మనిషి, ఇప్పుడు అంచుకు నోరు పెట్టి తాగాడు. సగం గడ్డం మీదుగా కారిపోయాయి. ఆపి, ఊపిరి తీసుకుని, మళ్లీ తాగాడు. చెంబు ఖాళీ అయ్యాక చల్లగా ఉండాయి అన్నాడు. ఇంకో చెంబు తెమ్మన్నాడు. తెచ్చాను.